పరంజా ఖర్చు ఎవరు భరింపవలెను?

మన సంఘభవనమునకు వెలుపలి గోడల మరమ్మతును, రంగుపనియు చేయింపవలెనని కార్యవర్గము తలపెట్టిన సంగతి సభ్యులందరకును విదితమే. అది మూడంతస్తుల కట్టడము. ఎనిమిదేండ్ల వానలకు తడిసి, పెచ్చులూడిన గోడలు. మువ్వురు మేస్త్రీలు ధరలు వ్రాసి యిచ్చియున్నారు. రాబోవు సర్వసభ్య సమావేశమున వానిలో నొకదానిని ఆమోదింపవలసియున్నది. తక్కువ ధర యేదో చూచి దానికి ముద్ర వేయుట సంఘములయందు వాడుక. ఈ మారు అట్లు చేయరాదని మేము ఈ పత్రికాముఖమున మనవి చేయుచున్నాము. ఏలయన, అన్నిటికంటె తక్కువ ధర గల పత్రమునకును, దాని తరువాతి దానికిని నడుమ గల భేదమంతయు ఒక్క పద్దు క్రిందనే కలదు. ఆ పద్దు పరంజా. మొదటి పత్రమున పరంజా యను మాటయే లేదు. మేడ పిట్టగోడకు తాళ్లు బిగించి, వ్రేలాడగట్టిన పలకపై కూర్చుండి మనుష్యులు పని చేయుదురట.

పరంజా యెట్టిదో తెలియనివారు మనలో లేరు. తెలుగునాట కొన్నిచోట్ల సారవ యనియు, ఈ చెన్నపట్టణమున తమిళ సోదరులు సారమనియు పిలుచునది యిదియే. నిలువు బాదులు, వానిని కలుపు అడ్డబాదులు, అడ్డబాదుల మీదుగా గోడలోనికి చొప్పించిన కురచ కొయ్యలు, వానిపై నడకపలకలు, మొత్తము ఊగకుండ ఏటవాలుగా బిగించిన కఱ్ఱలు. పెద్ద కట్టడములకు ఇనుపగొట్టములు వచ్చి చాలకాలమైనను, మన పేటలలో లేచు ఇండ్లకు నేటికిని సరుగుడు బాదులును పీచుతాడునే తరచుగా వాడుచున్నారు. సరుగుడు చెడ్డ కఱ్ఱ యని మేమనుట లేదు. నిటారుగా పెరుగును, బరువునకు ఓర్చును, చవుకగా దొరకును. కాని తడిమట్టిలో పాతిన మొదలు త్వరలోనే చివుకును. పైకి బాదు గట్టిగానే కనబడును. నేలకు నాలుగంగుళముల క్రింద చేవ యుండదు. పీచుతాడు ఎండలో ఆరి, వానలో నాని, కొన్ని వారములలోనే బిగువు తప్పును. ఇప్పుడు వాడుకలోనికి వచ్చిన నైలాను తాడు కుళ్లదు గాని దాని ముడి జారును. నెలల తరబడి ఎండలో ఉన్నచో అదియును బలము కోల్పోవును.

మేము ఇనుపసామానులు, తాళ్లు విక్రయించు వర్తకులము గనుక ఒక్క మాట చెప్పగలము. తాడు కొనవచ్చువాడు కిలో యెంత యని అడుగును. అది యెంత బరువు మోయునని అడిగినవారిని ఇన్నేండ్ల వర్తకములో వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. సిమెంటు ఏ కంపెనీదో, కమ్మి యెన్ని మిల్లీమీటర్లో, రంగు యెన్నేండ్లు నిలుచునో గృహస్థుడు గ్రుచ్చి గ్రుచ్చి విచారించును. అవి యింట నిలుచునవి. పరంజా నిలుచునది కాదు. పని ముగియగనే విప్పి బండి కెత్తుదురు. కంటికి మిగులని వస్తువునకు సొమ్ము పెట్టుటకు ఎవరికిని మనసొప్పదు. కావున బేరము బిగిసినపుడెల్ల మేస్త్రీ మొట్టమొదట కోసివేయునది పరంజానే. అందులకు అతడు దుర్మార్గుడు కానక్కరలేదు. సిమెంటు తగ్గించిన గోడ చెప్పును, రంగు తగ్గించిన కన్ను చెప్పును. రెండు బాదులు తగ్గించిన సంగతిని చెప్పునది యేదియు లేదు, బాదు విరిగిననాడు తప్ప.

ఈ పట్టణపు కట్టడములతో తెలుగువారి సంబంధము నిన్నటిది కాదు. విక్టోరియా పబ్లిక్ హాలును, ఎగ్మూరు మ్యూజియము ఆవరణలోని నేషనల్ ఆర్ట్ గ్యాలరీని కట్టించిన కంట్రాక్టరు తాటికొండ నంబెరుమాళ్ చెట్టిగారు మనవారే యని మనము సభలలో సగర్వముగా చెప్పుకొందుము. చెప్పుకొనదగినదే. ఆ ఎఱ్ఱయిటుక గోడల చుట్టును బాదులు కట్టినవారెవరో, ఇటుకతట్ట నెత్తినబెట్టుకొని ఎక్కిన ఆడువారెవరో ఏ సభలోను ఎవరును చెప్పలేరు. తమిళనాట రాళ్లు కొట్టి, చెఱువులు, బావులు త్రవ్విన ఒడ్డెవారు నేటికిని ఇండ్లలో తెలుగు మాటలాడుదురు. అనగా కట్టించినవాడును తెలుగువాడే, కట్టినవారిలో పలువురును తెలుగువారే. ఇప్పటికిని ఉత్తరాంధ్రమునుండి కూలీలు రైలెక్కి ఈ పట్టణమునకు వచ్చుచున్నారు.

వారు వచ్చుచున్న సంగతి లోకమునకెల్ల తెలిసినది 2014 జూన్ 28వ తేదీ సాయంకాలమున. మౌలివాక్కమున కట్టుబడిలో నున్న పదునొకండు అంతస్తుల భవనము వానలో ఒక్కసారిగా కూలి 61 మంది మరణించిరి. వారిలో శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలవారు కలరు. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి స్వయముగా వచ్చి చూచిపోయెను. దానికి జంటగా నిలిచిన రెండవ భవనమును 2016 నవంబరులో మందు పెట్టి నేలమట్టము గావించిరి. అది పరంజా దోషము కాదు, భవనమే కూలినది యని ఎవరైన అనవచ్చును. నిజమే. 2025 సెప్టెంబరు 30న ఎన్నూరు చెంత థర్మల్ విద్యుత్కేంద్ర నిర్మాణస్థలమున ఎత్తయిన ఉక్కు కమాను కట్టడము కూలి 9 మంది వలస కూలీలు చనిపోయినదియు మరియొక విధమైన ప్రమాదమే. ఇట్టివి జరిగినపుడు మంత్రులు వత్తురు, విచారణ జరుగును, నష్టపరిహారము ప్రకటింపబడును. ఒకే యింటియొద్ద ఒకే మనిషి పరంజానుండి పడినపుడు ఇవి యేవియు జరుగవు. పత్రికలో నాలుగు పంక్తులైన పడవు. మేము వ్రాయదలచినది ఆ ఒక్క మనిషిని గుఱించి.

చట్టము లేదని ఎవరును అనుకొనరాదు. కట్టడపు పనివారి కొఱకు 1996లో పార్లమెంటు ప్రత్యేక శాసనము చేసినది. 1998లో కేంద్రనియమములు, 2006లో తమిళనాడు నియమములు వెలువడినవి. వానిలో పరంజాకు విడిగా ఒక అధ్యాయమే కలదు. కఱ్ఱ దోషరహితమై యుండవలెననియు, వెదురైనచో గీరుకొనకుండ కణుపుముండ్లు చెక్కివేయవలెననియు, బాధ్యుడైన వ్యక్తి చూచుచుండగనే పరంజా కట్టుటయు, మార్చుటయు, విప్పుటయు జరుగవలెననియు అందున్నది. చక్కని మాటలే. కాని ఆ శాసనము పదిమంది గాని అంతకు మించి గాని పనివారున్న చోటికే వర్తించును. సొంత నివాసమునకై 10 లక్షల రూపాయలకు మించని వ్యయముతో కట్టుకొను ఇండ్లను కూడ అది మినహాయించినది. 2020లో చేయబడి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన వృత్తిభద్రతా స్మృతి ఆ పాత శాసనమును తనలో కలుపుకొన్నది గాని, పదిమంది యను హద్దు మాత్రము చెక్కుచెదరలేదు.

ఇక మన పేటలలోని పనులు చూడుడు. మేడపై ఒక గది వేయుట, ముందు గోడకు పూత, పండుగకు రంగు. నలుగురు పనివారు, మించిన ఆరుగురు. పదవవాడు ఎన్నడును రాడు. అతడు రానంతవరకు చట్టమును రాదు. పరిశ్రమల భద్రతాశాఖ అధికారి పెద్ద కంపెనీల ఆవరణలకు వెళ్లును గాని మన వీధిలోనికి రావలసిన విధి ఆయనకు లేదు. ఇచ్చట పనివాని ప్రాణమునకు అడ్డము నిలువగలవాడు ఒక్కడే, సొమ్మిచ్చు గృహస్థుడు.

గృహస్థునకు ఇంజనీరు విద్య తెలియనక్కరలేదు. కేంద్ర ప్రజాపనులశాఖవారు తమ కంట్రాక్టరుల కొఱకు ఏర్పరచిన భద్రతానియమావళి సామాన్యులకు బోధపడునట్లే యున్నది. నేలమీద నిలిచి క్షేమముగా చేయలేని ప్రతి పనికిని పరంజా ఉండవలెను. నిచ్చెన కొద్దిసేపటి పనికి మాత్రమే. నిచ్చెన వేసినచో దానిని పట్టుకొనుటకు వేరొక మనిషి ఉండవలెను. నాలుగడుగుల ఎత్తునకు అడుగు ఎడమున్నంత వాలు నైన దానికి ఇయ్యవలెను. ఎత్తిపెట్టు నిచ్చెన 9 మీటర్లకు మించరాదు. 3.6 మీటర్లకు, అనగా 12 అడుగులకు పైబడిన పరంజాకు బయటివైపున, రెండు కొనలయందును 90 సెంటీమీటర్లకు తగ్గని ఎత్తున కమ్మికట్టు బిగింపవలెను. ఆ ఎత్తున నడకపలకలు సందులు లేకుండ ఒకదానిప్రక్క నొకటి పరచి, జారకుండ బంధింపవలెను.

దీనిని మన భవనమునకు అన్వయించి చూతము. పిట్టగోడవరకు దాని ఎత్తు 38 అడుగులు, అనగా పదునొకండున్నర మీటర్లు. నిచ్చెన చాలదు. మొదటి అంతస్తు దాటగనే 12 అడుగుల హద్దు దాటుదుము. అనగా మూడింట రెండు వంతుల గోడ కమ్మికట్టు గల పరంజా మీదనే చేయవలసిన పని. తాటికి వ్రేలాడు పలకకు కమ్మికట్టు ఎచ్చట? ఆ తాళ్లు బిగించు పిట్టగోడ యైనను మరమ్మతు కావలసినదే. అది బీటలు వారినదని మొన్న కార్యవర్గమే తీర్మానములో వ్రాసినది. బీటలు వారిన గోడకు మనిషిని వ్రేలాడదీసి ఆ బీటలను పూడ్పింపదలచుట ఎట్టి లెక్కయో మాకు బోధపడలేదు.

ఈ నడుమ ప్రతి కట్టడమునకు చుట్టును పచ్చని వల కట్టుచున్నారు. దానిని చూచి భద్రత కలదని భ్రమపడరాదు. అది దుమ్మును, చిన్న పెచ్చులను ఆపుటకు గాని, పడు మనిషిని ఆపుటకు కాదు. పైగా వల నాసిరకమైనచో అది వేరొక ముప్పు. 2025 నవంబరు 26న హాంగ్‌కాంగులో మరమ్మతు జరుగుచున్న నివాసభవనములకు కట్టిన వెదురు పరంజా వెంబడి మంటలు ప్రాకి 150 మందికి పైగా మరణించిరి. అచ్చటి వలలో కొంత నిప్పునకు తాళునది కాదని అధికారులు తేల్చిరి.

మన సభ్యులలో నొకరి యింట గడచిన ఈశాన్యపు వానల కాలమున జరిగినది చెప్పక తప్పదు. పేర్లు వ్రాయము. మేడమీది గది గోడకు పూతపూయు పని. సరుగుడు పరంజా కట్టి నాలుగు వారములైనది. నడుమ పది దినములు వాన. పని తిరిగి మొదలైననాడే ఒక బాదు మొదలు విరిగి పరంజా ఒరిగినది. విజయనగరము జిల్లా యువకుడొకడు రెండవ అంతస్తు ఎత్తునుండి పడెను. ప్రాణము దక్కినది, తుంటియెముక విరిగినది. మేము చూడబోయిన సాయంకాలము ఆ బాదు ఇంకను అచ్చటనే పడియున్నది. విరిగినచోట వ్రేలితో నొక్కిన పొడి రాలినది. మేస్త్రీ మంచివాడే. కన్నీరు పెట్టుకొని, "ఏటి సెయ్యమంటారు బాబూ, ఇన్నేళ్లనుంచీ ఇలాగే కడతన్నాం, ఎప్పుడూ ఏటీ కాలేదు" అనెను. ఆయన చెప్పినది అబద్ధము కాదు. గృహస్థుడు దయగలవాడు గనుక ఆసుపత్రి ఖర్చు తానే భరించెను. ఆ దయ లేనిచో భరించువాడెవడు? ఆ యువకుడు ఊరికి మరలిపోయెను. బరువెత్తు పని యిక అతనివలన కాదని వైద్యులు చెప్పిరి. చేతనైనది ఆ పని యొక్కటే.

వర్తకుల పత్రిక గనుక లెక్కయు చెప్పుదుము. పనిలో మరణించినవానికి చెల్లింపవలసిన పరిహారమునకు 1923 నాటి చట్టము ఒక లెక్క ఏర్పరచినది: నెలవేతనములో సగమును వయస్సుకు తగిన గుణకముతో హెచ్చింపవలెను. ముప్పదియేండ్లవానికి ఆ గుణకము 207.98. 2020 నుండి లెక్కకు గ్రహించిన వేతనపు గరిష్ఠపరిమితి 15,000 రూపాయలు. ఆ చొప్పున వచ్చునది 15,59,850 రూపాయలు. ఆ చట్టము 2025 నవంబరు 21 నుండి సామాజిక భద్రతాస్మృతిలో చేరినను లెక్క కట్టు పద్ధతి అదియే. రెండు బాండ్లీలు, ఒక స్కూటరు తప్ప ఆస్తి లేని మేస్త్రీ ఇంత సొమ్ము ఎచ్చటనుండి తెచ్చును? కోర్టు తీర్పు గెలిచినను వసూలు కాని తీర్పగును. దీని యెదుట పరంజా వెల యెంత?

కొందరు పెద్దలు మాతో వాదించినారు. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్న సామెత యుండనే యున్నది, ఉన్న భారము చాలక సంఘము మరియొక భారము మోపుటయా యని ఒకరు. సంఘము పనిచేయవలసినది భాష కొఱకు, బడుల కొఱకు గాని తాపీపనుల కొఱకు కాదని వేరొకరు. పనివారికి తలటోపీ యిచ్చినను పెట్టుకొనరు, నడికట్టు ఇచ్చినను తగిలించుకొనరు, అట్టివారికి మనమేమి చేయగలమని మూడవవారు. మూడవ మాటలో కొంత నిజమున్నది. టోపీ ఉక్క పోయును, నడికట్టు పని వేగమును తగ్గించును, కూలి చదరపు అడుగుల లెక్కన ఇచ్చునపుడు వేగమే వారి అన్నము. అందుచేతనే మేము టోపీ కంటె ముందు పరంజాను చెప్పుచున్నాము. టోపీ పనివాడు మరవవచ్చును. కమ్మికట్టు గల పరంజా అతడు మరచినను అతనిని కాచును.

భాషాసంఘమునకు ఇది పని కాదనుట మేము ఒప్పుకొనము. అల్పసంఖ్యాకభాషవారమై ఈ పట్టణమున తరతరములుగా నున్న మనకు, చదువరాని అక్షరముల నడుమ బ్రతుకుట ఎట్టిదో పెద్దలు చెప్పగా తెలియును. పనిస్థలముల యందు హెచ్చరికబోర్డులు తమిళమున, ఇంగ్లీషున ఉండును. శ్రీకాకుళపువానికి ఆ రెండును రావు. ఇప్పుడు ఒడిశా, బీహారు, బెంగాలు, అస్సాము కూలీలు హెచ్చుగా వచ్చుచున్నారు. వారి సంగతియు అదియే. మనకు తమిళమును వచ్చును, తెలుగును వచ్చును, మన పిల్లలలో పెక్కుమందికి హిందీయు వచ్చును. పరంజాపై కెక్కుటకు ముందు చూడవలసిన అయిదారు సంగతులు ఈ మూడు భాషలలో పెద్ద అక్షరములతో అచ్చొత్తించి, మన సభ్యుల యిండ్లయొద్ద పనివారికి చదివి వినిపించుట మన బడి పిల్లలు ఒక సెలవుదినమున చేయగల పని. అట్లే 1994లో ఏర్పడిన తమిళనాడు కట్టడపు పనివారల సంక్షేమబోర్డున పేరు నమోదు చేసికొనుటకు కావలసిన కాగితములు నింపియిచ్చుట. గడచిన పండ్రెండు నెలలలో 90 దినములు పని చేసినట్లు చూపగలిగినచో నమోదగును. పేరు లేనివానికి సాయము అందదు. కాగితము నింపలేకయే పలువురు పేరు లేనివారైనారు.

ఇక తీర్మానమునకు వత్తము. మేము ప్రతిపాదించునది యిది. సంఘభవనపు పనికి తక్కువ ధర పత్రమును త్రోసిపుచ్చి, పరంజాను వేరు పద్దుగా చూపిన రెండవ పత్రమునే గ్రహింపవలెను. ఆ పద్దుమీద బేరమాడరాదు. ఆడవలసిన బేరము రంగుమీద, కూలిమీద గాక మేస్త్రీ లాభముమీద ఆడుకొనవచ్చును. వారమునకొకమారును, పెద్దవాన వెలసిన ప్రతిమారును, బాదుల మొదళ్లు త్రవ్వి, ముడులు లాగి చూచి, చూచినవారు పుస్తకమున సంతకము చేయవలెను. వాన కురియుచుండగను, గాలి విసరుచుండగను పరంజాపై ఎవరును ఉండరాదు. ఆ దినమునకు సగము కూలి సంఘము ఇయ్యవలెను. ఇది లేనిచో పై నియమము కాగితముననే యుండును, ఏలయన కూలి పోవునను భయముననే వారు వానలో ఎక్కుదురు. సొంత యిండ్లకు పని చేయించుకొను సభ్యులు గూడ ఈ షరతులనే తమ ఒప్పందములలో వ్రాసికొనుటకై ఒక నమూనాపత్రమును సంఘ కార్యాలయమున ఉంచవలెను. ఎవరిని నిర్బంధింపబోము.

పరంజా పరీక్షించుటకు తెలిసినవారు కావలెను. మన సభ్యులలో పదవీవిరమణ చేసిన ప్రజాపనులశాఖ ఉద్యోగులు, రైల్వే కట్టడపు విభాగమున పనిచేసినవారు కొందరున్నారని ఎరుగుదుము. వారానికి ఒక గంట ఇయ్యగలవారు సమావేశమునకు ముందే కార్యదర్శిగారికి తమ పేర్లు తెలియజేయ గోరుచున్నాము. మేడ ఎక్కలేని వయస్సువారైనను వెనుదీయనక్కరలేదు. బాదు మొదలు నేలమీదనే యుండును.